మా పదో తరగతి ‘రేడియో’ గురించి మీకు గుర్తున్నది రాయండి

పాతబెజవాడ_93

సత్యనారాయణపురం దగ్గరి ఉన్నత పాఠశాలలో 1992-93లో మాతో పదో తరగతి చదివిన మిత్రుడు గత నెల గుండెపోటుతో కన్నుమూశాడు. నలుగురూ చూసే చోట పేరు రాయవద్దని ఇంటివారు కోరారు కనుక రాయడం లేదు. మా బ్యాచ్‌లో ‘రేడియో’ అంటే తెలియనివారు లేరు.

నా బాధ ఒకటి చెప్పుకోవాలి. కబురు తెలిసిన ఉదయం మా వాట్సాప్ గ్రూపులో ‘ఓం శాంతి’ అనే మాట, చేతులు జోడించిన బొమ్మ వరుసగా పడ్డాయి. మధ్యాహ్నానికి ఎవరో పెట్టిన క్రికెట్ స్కోరు కింద అవన్నీ మరుగున పడిపోయాయి. ఎవరికీ దుఃఖం లేదని నేను అనడం లేదు. కానీ అన్ని సందేశాల్లో వెతికినా అతనికి మాత్రమే చెందిన మాట ఒక్కటి కూడా కనిపించలేదు. రేపు ఇంకెవరు పోయినా అవే మాటలు సరిపోతాయి.

పెద్దకర్మ నాడు అతని కూతురు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, నా దగ్గరికి వచ్చి, “నాన్న మీతో చదువుకున్నప్పుడు ఎలా ఉండేవారు అంకుల్?” అని అడిగింది. వాళ్ల ఇల్లు సింగ్‌నగర్‌లో ఉంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు వాళ్లుంటున్న కింది అంతస్తు మునిగి, ఆల్బమ్‌లు, పదో తరగతి గ్రూపు ఫొటో, అతను దాచుకున్న నోటు పుస్తకాలు బురదలో ముద్దయిపోయాయి. తండ్రి చిన్నతనానికి ఆనవాలుగా ఆ అమ్మాయి దగ్గర ఇప్పుడు ఏమీ మిగల్లేదు.

అందుకే రెండు విషయాలు అడుగుతున్నాను. మీరు కళ్లారా చూసినవి, చెవులారా విన్నవి రాయండి. ‘మంచివాడు, మృదుస్వభావి’ అన్న మాటలు చాలవు. ఏం చేశాడో, ఏమన్నాడో కావాలి. గ్రూపు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. అన్నీ కూర్చి ఆ అమ్మాయికి ఇస్తాను.

వెనకబెంచీ

రోజూ పొద్దున ఇంట్లో ఆకాశవాణి వార్తలు విని, కాగితం మీద రాసుకొని వచ్చి, ప్రార్థన సమయంలో మైకు ముందు నిలబడి, “వార్తలు చదువుతున్నది...” అంటూ అచ్చం రేడియోలోలాగే మొదలుపెట్టేవాడు. ఎనిమిదో తరగతిలో ఆ పని అప్పగించారు. అప్పటి నుంచే ఆ పేరు స్థిరపడింది.

రైలుకట్ట

వెనకబెంచీ గారు చెప్పిన దానికంటే ఆ పేరు పాతది. మేమిద్దరం పక్కపక్క ఇళ్లలో పెరిగాం కాబట్టి నాకు బాగా తెలుసు.

1988 డిసెంబరు 26న విజయవాడ ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా హత్య జరిగిన తర్వాత బెజవాడ ఎలా ఉందో ఆ కాలం వారికి చెప్పనక్కరలేదు. ఊరంతా రోజుల తరబడి కర్ఫ్యూ. మేము ఆరో తరగతిలో ఉన్నాం, బడులు మూసేశారు. పాలు తేవాలన్నా, కూరగాయలు తేవాలన్నా కర్ఫ్యూ ఎప్పుడు సడలిస్తారో తెలియాలి. మా వరుస ఇళ్లలో వాళ్ల నాన్నగారి దగ్గర మాత్రమే నమ్మకంగా పనిచేసే ట్రాన్సిస్టర్ ఉండేది. వాడు దానికి చెవి ఆనించి కూర్చుని, సడలింపు వేళలు వినగానే గోడ మీదికెక్కి, అటు నాలుగిళ్లకూ ఇటు నాలుగిళ్లకూ వినపడేలా చెప్పేవాడు. ఒకసారి ఏ ప్రాంతానికి ఏ వేళో కలగాపులగం చేసి చెబితే వాళ్ల నాన్నగారు గోడ మీది నుంచి దింపి, సరిగ్గా వినకుండా నోరు తెరవవద్దని గట్టిగా కోప్పడ్డారు. ఆ తర్వాత నుంచి పెన్సిలుతో రాసుకున్నాకే చెప్పేవాడు. మా నాయనమ్మ, “ఆ రేడియో పిల్లాడు ఏమన్నాడురా?” అని అడిగేది. ఆ పేరు బడికి చేరింది మా ఇంటి నుంచే.

ఆ గోడ ఇప్పుడు లేదు. మేము బడికి నడిచి వెళ్లిన రైలు కట్ట కూడా లేదు. పట్టాలు తీసేసిన ఆ దారిలోనే బస్సులకు ప్రత్యేక వరుసలతో బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఊరు తెలియని వారి కోసం ఈ సంగతి రాస్తున్నాను.

వెనకబెంచీ

అయితే మీరు చెప్పినదే మొదటిది. మాకు తెలిసే నాటికి ఆ పేరు అందరి నోటా ఉంది.

దుర్గాఘాట్

1992 ఆగస్టులో వచ్చిన కృష్ణా పుష్కరాలకు మన బడి స్కౌట్లను ఘాట్ల దగ్గర సేవకు పంపిన సంగతి ఎంతమందికి గుర్తుందో తెలియదు. నేను, రేడియో ఒకే జట్టులో ఉన్నాం. ముందు మా ఇద్దరికీ మంచినీళ్లు అందించే పని ఇచ్చారు. తప్పిపోయినవారి శిబిరంలో మైకు దగ్గర ఉన్న పెద్దాయనకు గొంతు పోవడంతో, మా మాస్టారు రేడియోను అక్కడ కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం వేళ ఒక ముసలమ్మను ఎవరో తీసుకొచ్చారు. ఆమె తడిబట్టలతోనే ఉంది, భర్త కనిపించడం లేదని ఏడుస్తోంది. భర్త పేరు చెప్పమంటే తల అడ్డంగా ఊపుతుంది. ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలికేవారు కారు కదా. శిబిరంలో ఉన్న పెద్దవాళ్లు, “ఈ వేళప్పుడు కూడా ఏమిటమ్మా ఈ పట్టింపు” అని విసుక్కున్నారు. రేడియో మాత్రం కుర్చీ ఆమె వైపు తిప్పి, “దేవుడి పేరా అవ్వా?” అని అడిగాడు. ఆమె అవునంది. “కొండ మీద ఉంటాడా?” అన్నాడు. ఆమె అవునంది. “ఏడు కొండలా?” అనగానే ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వింది. అప్పుడు మైకు తీసుకొని, “వెంకటేశ్వర్లు గారూ, మీ ఇంటివారు ఇక్కడ క్షేమంగా ఉన్నారు” అని చదివాడు.

పావుగంటలో ఆ శిబిరం ముందు వెంకటేశ్వర్లు అనే పేరు గలవాళ్లు ఒక గుంపుగా చేరారు. ఒక్కరూ ఆమె భర్త కారు. పెద్దవాళ్లు తలలు పట్టుకున్నారు. రేడియో మళ్లీ ఆమె దగ్గర కూర్చుని ఊరి పేరు, ఇంటి పేరు, ఆయన భుజం మీది కండువా రంగు, చేతికర్ర ఉందో లేదో అన్నీ ఓపికగా అడిగి రాసుకొని, ఈసారి అవన్నీ కలిపి చదివాడు. పొద్దు వాలే వేళకు ఆయన వచ్చాడు. ఆయన కూడా ఆమె పేరు పెట్టి పిలవలేదు. దూరం నుంచే “ఏమేవ్” అని కేకేశాడు. ఆమె ఆ కేక విని లేచి నిలబడింది.

ఆ రోజు అతనికి పద్నాలుగో పదిహేనో ఏళ్లు ఉంటాయి. అంత ఓర్పు నాకు ఇప్పటికీ రాలేదు.

బందరు_కాలువ

నాకు తెలిసినంతలో ఇది సీతానగరం వైపు ఘాట్‌లో జరిగింది. మా జట్టు బ్యారేజీ మీదుగా అవతలికి వెళ్లింది.

దుర్గాఘాట్

మీ జట్టు సీతానగరం వెళ్లిన మాట నిజమే. మేము ఇవతల ఉన్నాం. శిబిరం నుంచి తల ఎత్తితే ఇంద్రకీలాద్రి కనపడేది. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

గాంధీనగర్_మార్నింగ్_షో

అందరూ అతని ఓర్పు గురించే రాస్తున్నారు. ఆ అమ్మాయికి ఇంకో వైపు కూడా తెలియాలి. గాంధీనగర్ హాళ్ల బయట అంటించిన వాల్‌పోస్టర్లు చూసి, ఇంటర్వెల్ బెల్లు కొట్టేలోపు సినిమా కథ మొత్తం, ఫైటింగులతో సహా, చెప్పేవాడు. అది నిజం కథ అని నమ్మి, ఆదివారం టిక్కెట్టు కొనుక్కొని వెళ్లి చూస్తే, తెర మీద వేరే కథ నడిచేది. సోమవారం వచ్చి నిలదీస్తే, “నా కథే బాగుంది కదా?” అనేవాడు. చాలాసార్లు నిజంగానే బాగుండేది.

లెక్కల_నోట్సు

క్రికెట్‌లో అవుటైతే ఒప్పుకొనేవాడు కాదు. బ్యాటు పట్టుకొని అక్కడే నిలబడి, బౌలింగ్ చేసినవాడికి వివరంగా కారణాలు చెప్పేవాడు. లెక్కలంటే భయం. ట్యూషన్‌కని ఇంట్లో ఇచ్చిన డబ్బుతో లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు కొనేవాడు. ఆ పుస్తకాలను ఇంటికి తీసుకెళ్లలేక మా ఇంట్లో దాచేవాడు. మా అమ్మ వాటి మీద దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ చదివి, తర్వాత ఏది తెస్తావని అతన్నే అడిగేది.

ఆవలిగట్టు

నేను ఈ చర్చకు దూరంగా ఉందామనుకున్నాను. కానీ చూసినది రాయమని అడిగారు కనుక రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక ఉదయం వార్తలు అయిపోయాక అతని చేతికి ఒక కాగితం ఇచ్చారు. ఫీజు కట్టనివారి జాబితా అది. అతను దాన్ని కూడా వార్తలు చదివినంత స్పష్టంగా చదివాడు. నా పేరు, మా నాన్నగారి పేరు కలిపి, బడి మొత్తానికి వినపడేలా చదివాడు. మా నాన్నగారు అప్పటికి పనిలేక ఇంట్లో ఉన్నారు. నేను మధ్యాహ్నం పుస్తకాల సంచీ క్లాసులోనే వదిలి ఇంటికి వెళ్లిపోయాను. ఆ తర్వాత చాలా రోజులు ఎవరి ముఖం చూడాలన్నా సిగ్గుగా ఉండేది.

అతను చెడ్డవాడని నేను అనడం లేదు. ఆ గొంతు అందరికీ ఇష్టమైన గొంతే. నాకు మాత్రం అది ఆ ఉదయమే ముందు వినపడుతుంది.

కస్తూరి_వాసన

చనిపోయినవారి గురించి ఇలాంటివి రాయడం సరికాదు. అందులోనూ కూతురు చదవబోతోంది. ఈ పోస్టును తొలగించడం మంచిది.

బందరు_కాలువ

కస్తూరి_వాసన గారితో ఏకీభవిస్తున్నాను. జాబితా తయారుచేసినవారిది తప్పు. చదివిన పిల్లవాడిది కాదు.

పాతబెజవాడ_93

తొలగించవద్దని నా మనవి. అతను ఎలా ఉండేవాడని ఆ అమ్మాయి అడిగింది. ఎంత గొప్పవాడని అడగలేదు. అందరూ పొగిడిన తండ్రిని ఆమె పెద్దకర్మ భోజనాల దగ్గర చూసేసింది. బడి మైకు ముందు నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్లవాడు కూడా ఆమెకు దక్కాలి.

రైలుకట్ట

ఆవలిగట్టు గారు చెప్పినది జరిగింది. ఆ రోజు నేనూ వరుసలో నిలబడి విన్నాను. దాని తర్వాత జరిగినది బహుశా ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆయన కొన్నాళ్లు బడికి రాలేదు.

మరుసటి నెల మళ్లీ అలాంటి కాగితమే ఇచ్చారు. వాడు వార్తలు చదివి, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని దిగిపోయాడు. అడిగితే, “ఇది వార్త కాదండీ” అన్నాడు. ఆ మాటకు వాడిని మొదటి పీరియడు మొత్తం ఎండలో నిలబెట్టారు. వారం పాటు మైకు వేరేవాళ్లకు ఇచ్చారు. ఇంటికి వెళ్లేటప్పుడు కట్ట మీద నడుస్తూ నన్ను అడిగాడు: “వాడు రేపైనా బడికి వస్తాడంటావా?” అని. వాడు అడిగింది మీ గురించే.

ఆవలిగట్టు

ఈ సంగతి నాకు నిజంగానే తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా నేను రాసినది అలాగే ఉండనివ్వండి. ఆ ఉదయం కూడా జరిగింది. రెండూ పక్కపక్కనే ఉంటే ఆ అమ్మాయే చదువుకుంటుంది.

కస్తూరి_వాసన

రెండూ ఉండేటట్లయితే నాకు అభ్యంతరం లేదు. మొదటిది ఒక్కటే ఉండిపోతుందేమోనన్నదే నా భయం.

గుంటూరు_కోడలు

నేను బెజవాడలో పుట్టి, పెళ్లయ్యాక గుంటూరు బ్రాడీపేటలో స్థిరపడ్డాను. నా పెట్టెలో ఆటోగ్రాఫ్ పుస్తకం ఇప్పటికీ ఉంది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన రోజున అందరూ అందులో కవితలు, పువ్వుల బొమ్మలు, ‘మరువకు మిత్రమా’ వంటి మాటలు రాశారు. రేడియో రాసిన పేజీని ఉన్నది ఉన్నట్లు ఇక్కడ రాస్తున్నాను.

“వార్తలు. ముందుగా ముఖ్యాంశాలు. పదో తరగతి పరీక్షలు ప్రశాంతంగా ముగిశాయి. లెక్కల పేపరు కష్టంగా ఉందని విద్యార్థులు ఆందోళన వ్యక్తం చేశారు. బి సెక్షన్ బాలికలు తమ టిఫిన్ డబ్బాలోని పులిహోరను బాలురకు కూడా పంచి సమైక్యతను చాటారు. వాతావరణం: రానున్న రోజుల్లో ఎండలు ముదురుతాయి. మనం ఒకరినొకరం చూసుకొనే అవకాశాలు తక్కువ. వార్తలు సమాప్తం.”

మాది మగపిల్లలు, ఆడపిల్లలు పెద్దగా మాట్లాడుకోని కాలం. అతను నాతో అన్నేళ్లలో మాట్లాడిన మాటలకంటే ఈ పేజీలో ఉన్న మాటలే ఎక్కువ. ఈ పేజీని ఫొటో తీసి పంపగలను. కానీ అసలు కాగితమే ఆ అమ్మాయి దగ్గర ఉంటే బాగుంటుంది. వాళ్ల నాన్న చేతిరాత ఇంట్లో ఏదీ మిగల్లేదంటున్నారు కనుక, వచ్చే వారం బెజవాడ వచ్చినప్పుడు పుస్తకం తెచ్చి స్వయంగా ఇస్తాను.

వెనకబెంచీ

ఆ పులిహోర నాకు గుర్తుంది. చింతపండు ఎక్కువైంది. అయినా ఎవరూ వదల్లేదు.

మిర్చియార్డు

నేను మీ బడివాడిని కాదు, గుంటూరు వాడిని. మా బ్యాచ్‌లో ఒక మిత్రురాలు చనిపోయినప్పుడు మేము చందాలు వేసుకొని బడి వరండాలో పాలరాతి ఫలకం పెట్టించాం. ఆవిష్కరణకు ఫ్లెక్సీలు, శాలువాలు, ఉపన్యాసాలు అన్నీ జరిగాయి. తర్వాత వరండాను మరమ్మతు చేయించినప్పుడు ఆ ఫలకం ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. రాయి పోయినందుకు నేను బాధపడటం లేదు. ఆ డబ్బు కూడినప్పుడు ఆమె గురించి ఎవరైనా నాలుగు మాటలు రాసిపెట్టి ఉంటే అవైనా మిగిలేవి. మీరు చేస్తున్న పని చూసి, మా వాళ్లకు కూడా ఈ చర్చ పంపాను.

పులిచింతల

ఫలకం వద్దన్నంత మాత్రాన ఏమీ చేయకూడదని కాదు. లక్ష రూపాయలు బ్యాంకులో డిపాజిట్ చేస్తే, ఆరున్నర శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 6,500 వస్తుంది. దానితో పదో తరగతిలో మొదటి మార్కులు వచ్చిన పిల్లలకు అతని పేరుతో బహుమతి ఇవ్వవచ్చు.

లెక్కల_నోట్సు

బహుమతికి నేను సిద్ధమే, మార్కులకు మాత్రం కాదు. అతనికి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు. మార్కులు వచ్చేవాళ్లకు బహుమతులు ఎలాగూ చాలా ఉంటాయి. తెలుగును తప్పుల్లేకుండా, వినేవారికి అర్థమయ్యేలా బిగ్గరగా చదివే పోటీ పెట్టి, అందులో గెలిచినవారికి పుస్తకాలు కొనిద్దాం. అతని పేరుకు తగిన పని అదే.

పులిచింతల

సరైన మాట. ప్రధానోపాధ్యాయులతో నేను మాట్లాడతాను.

బ్యాంకు_కిటికీ

బహుమతి తర్వాత చూద్దాం. ముందు ఇంటి సంగతి. నేను బ్యాంకులో పనిచేస్తాను కనుక నాకు తెలిసిన విషయాలు చెబుతున్నాను. ఆ కుటుంబానికి దగ్గరగా ఉన్నవారు దయచేసి చూడండి.

అతని పొదుపు ఖాతా పాస్‌బుక్కులో ప్రతి ఏడాది మే నెల చివర 436 రూపాయలు కోత పడిందేమో చూడండి. 2022కు ముందైతే అది 330 రూపాయలు. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. ఏ కారణంతో మరణించినా నామినీకి రెండు లక్షలు వస్తాయి. చాలామంది ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టి మరిచిపోతారు, ఇంట్లో వాళ్లకు చెప్పరు. అందువల్ల అడిగేవారు లేక ఆ డబ్బు రాకుండా పోతుంది. 20 రూపాయల కోత కనపడితే అది ప్రమాద బీమా. గుండెపోటుకు అది వర్తించదు కనుక దాని కోసం తిరగవద్దు.

అతను పనిచేసిన చోట పీఎఫ్ కోసినట్లయితే, పీఎఫ్ సొమ్ముతో పాటు ఉద్యోగుల డిపాజిట్ అనుసంధాన బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు రావచ్చు. భార్యకు నెలనెలా పింఛను కూడా ఉంటుంది. మరణ ధ్రువీకరణ పత్రం ప్రతులు నాలుగైదు తీసి ఉంచుకోవాలి, ప్రతిచోటా అడుగుతారు. చెల్లెమ్మ ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగకూడదు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లగలను.

పాతబెజవాడ_93

అతను పనిచేసిన ప్రెస్సులో పీఎఫ్ ఉందని ఆమె చెప్పినట్లు గుర్తు. మీ నంబరు ఆమెకు ఇస్తున్నాను. ఈ సాయం అన్నిటికంటే ముందు జరగాలి.

అచ్చు_అక్షరం

నేను బడి స్నేహితుడిని కాదు. ఆయనతో పాటు ప్రెస్సులో పనిచేశాను. ఎవరో ఈ చర్చ పంపితే చదివాను. బడి తర్వాతి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆయన చేతితో అచ్చు అక్షరాలు కూర్చే రోజుల చివర్లో పనిలో చేరారు. తర్వాత కంప్యూటరు మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు వచ్చాక అవీ నేర్చుకున్నారు. మేము పెళ్లి శుభలేఖలు, గృహప్రవేశం పత్రికలు, పాఠ్యపుస్తకాల గైడ్లు వేసేవాళ్లం. ఆయన ప్రూఫులు చూసేవారు. శుభలేఖ అచ్చుకు వెళ్లేముందు పార్టీకి ఫోను చేసి, మొదటి అక్షరం నుంచి చివరి ‘బంధుమిత్రుల అభినందనలతో’ వరకు మొత్తం గొంతెత్తి చదివి వినిపించేవారు. “కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది” అనేవారు. తేదీ పక్కన రాసిన వారం, తిథి సరిపోయాయో లేదో పంచాంగం తీసి చూడకుండా ఏ కార్డునూ వదిలేవారు కారు. ఒకసారి వెయ్యి కార్డుల ఆర్డరులో శుక్రవారం బదులు గురువారం అని రాసిచ్చారు. ఈయన ఆపి ఫోను చేయకపోతే సగం చుట్టాలు ముందురోజే దిగేవారు.

పెద్దవాళ్ల పేర్లకు ముందు ‘కీర్తిశేషులు’ అని రాసిచ్చినప్పుడు మాత్రం తప్పనిసరిగా రెండోసారి అడిగేవారు. బతికున్న మనిషి పేరు ముందు ఆ మాట పడితే ఆ ఇంట్లో శుభకార్యం ఏమవుతుందో చెప్పేవారు. అలాంటి తప్పు మా ప్రెస్సులో ఎప్పుడూ జరగలేదు.

ఆయన పెద్దకర్మ కార్డును నేనే కంపోజు చేశాను. ప్రూఫు తీసుకొని వాళ్లింటికి వెళ్తే, వాళ్లమ్మాయి కార్డు చేతికి తీసుకొని, నాన్నలాగే పైకి చదివింది. తాతగారి ఇంటిపేరులో ఒక దీర్ఘం తగ్గితే పట్టుకుంది.

రైలుకట్ట

మా ఇద్దరు పిల్లల అన్నప్రాసన కార్డులూ వాడే వేశాడు. ఫోనులో చదివి వినిపించినప్పుడు మా అమ్మ పక్క నుంచి, “ఎవర్రా, రేడియోనా?” అని అడిగింది.

పాయకాపురం_మెట్లు

వరద సమయంలో వాళ్ల పక్కింటి పై అంతస్తులో మేమందరం ఒకేచోట ఉన్నాం. ఆయన మనుషులను తెగ నవ్వించారని, ధైర్యం చెప్పారని రాస్తే అబద్ధమవుతుంది. ఆయన మొదటి రోజు ఎక్కువగా మౌనంగానే ఉన్నారు. ఈత రాదు, నీళ్లంటే భయం. కింద గదిలో పుస్తకాలు ఉన్నాయని ఒకటి రెండుసార్లు అన్నారు. పాల ప్యాకెట్లతో పడవ వచ్చినప్పుడు మాత్రం, ముందు చంటిపిల్లలున్న ఇళ్లకు ఇవ్వమని, ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో వరుసగా చెప్పారు. ఆ వీధిలో ఎవరింట్లో ఎవరున్నారో ఆయనకు అంత వివరంగా తెలుసని మాకు అప్పుడే తెలిసింది.

గుణదల_గంట

మాకు చర్చిలో ఆదరణ కూడిక అని ఉంటుంది. అందులో పోయినవారి గురించి తెలిసినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఈ చర్చ చదువుతుంటే అలాగే అనిపించింది. నాకు గుర్తున్నది చిన్న విషయం. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు మా ఇంటికి వచ్చి, కొండ మీది సిలువ దాకా నాతో పాటు ఎక్కేవాడు. దారిలో ఉన్న ప్రతి విగ్రహం దగ్గర ఆగి, అది ఏ ఘట్టమో నన్ను అడిగేవాడు. నాకు తెలియకపోతే మా అమ్మను అడిగి వచ్చి చెప్పమనేవాడు. నా మతం గురించి నేను సగం నేర్చుకున్నది వాడి ప్రశ్నల వల్లనే.

దుర్గాఘాట్

మళ్లీ పుష్కరాలు 2028లో వస్తాయి. పుష్కరాల్లో తల్లిదండ్రులకే కాదు, గురువులకూ స్నేహితులకూ కూడా పిండం పెట్టే ఆచారం ఉంది. మా నాన్నగారితో పాటు అతని గోత్రనామాలు కూడా చెప్పించాలనుకుంటున్నాను. ఆ కుటుంబానికి అభ్యంతరం లేకపోతేనే.

బందరు_కాలువ

ఇంకా చాలా సమయం ఉన్న విషయం ఇప్పుడే ఎందుకు?

దుర్గాఘాట్

గోత్రం ఇప్పుడే అడిగి రాసుకోవాలి కదా. అతను అలాగే చేసేవాడు.

కూకట్‌పల్లి_వాసి

ఆలస్యంగా చూశాను. గ్రూపు ఫొటో నా దగ్గర ఉంది. మా అమ్మ దాన్ని అట్ట పెట్టి, వెనక అందరి పేర్లూ రాయించి పెట్టింది. అంచులు పసుపు పచ్చబడ్డాయి కానీ ముఖాలు స్పష్టంగా ఉన్నాయి. ఉపాధ్యాయులు కుర్చీల్లో ఉన్నారు. ఆడపిల్లలు వారి వెనక నిలబడ్డారు. రేడియో పై వరుసలో ఎడమ చివర, బెంచీ మీద నిలబడి ఉన్నాడు. చొక్కా మొదటి గుండీ పెట్టుకున్నాడు. కెమెరా వైపు చూడకుండా పక్కకు చూస్తున్నాడు; పక్కవాడితో ఏదో చెబుతున్నట్లు నోరు కొంచెం తెరిచి ఉంది.

ఆవలిగట్టు

ఆ పక్కవాడిని నేనే. ఫొటోగ్రాఫరు మూడు లెక్కపెట్టేలోపు అతను నాతో, “సెలవుల్లో మీ నాన్నగారితో కలిసి మా ఇంటికి రండి, మా నాన్న పనిచేసే చోట మనిషి కావాలంటున్నారు” అన్నాడు. మేము వెళ్లాం. పని దొరకలేదు. అయినా వాళ్లమ్మగారు మా ఇద్దరికీ భోజనం పెట్టారు. ఇది కూడా చేర్చండి.

పాతబెజవాడ_93

చేరుస్తాను.

కూకట్‌పల్లి_వాసి గారు ఫొటోను స్టూడియోలో స్కాన్ చేయించి పంపండి. ఫోనుతో తీస్తే మెరుపు పడుతుంది. వెనక పేర్లున్న వైపు కూడా కావాలి. ఈ పోస్టులన్నీ చిన్న పుస్తకంగా కూర్చడానికి అచ్చు_అక్షరం గారు ఒప్పుకున్నారు. ఎవరి మాటలనూ మార్చను, అక్షరదోషాలు మాత్రమే సరిచేస్తాం. ఇంకా రాయవలసినవారు ఈ ఆదివారంలోగా రాయండి. పి.ఇ.టి. మాస్టారి ఫోను నంబరు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు విడిగా పంపండి. పుష్కరాల్లో మైకు దగ్గర కూర్చోబెట్టింది ఆయనే, ఆయన చెప్పేది కూడా రాసుకోవాలి.

అచ్చు_అక్షరం

ప్రూఫు మొదటి ప్రతి వచ్చాక, మీలో ఇద్దరు ప్రెస్సుకు వస్తే మొత్తం పైకి చదువుకుందాం. ఆ తర్వాతే అచ్చుకు ఇస్తాను.

రైలుకట్ట

నేను వస్తాను.

ఆవలిగట్టు

నేనూ వస్తాను. ఏ రోజో చెప్పండి.